రోజూ ఆఫీసుకు వెళ్లి రావడానికి ప్లగ్-ఇన్ హైబ్రిడ్ మంచిదా, పూర్తి ఎలక్ట్రిక్ కారు మంచిదా?

ప్రశ్న

సభ్యులందరికీ నమస్కారం. చాలా ఏళ్లుగా నడుపుతున్న పెట్రోలు కారును ఇక మార్చక తప్పడం లేదు. తర్వాత కొనబోయేది ప్లగ్-ఇన్ హైబ్రిడ్ (పెట్రోలు ఇంజిన్‌తో పాటు ప్లగ్ పెట్టి చార్జింగ్ చేసుకునే బ్యాటరీ కూడా ఉన్న కారు) అయితే బాగుంటుందా, పూర్తి ఎలక్ట్రిక్ అయితే బాగుంటుందా అన్న విషయంలో మా ఇంట్లో మాట కలవడం లేదు కాబట్టి, రెండింటి గురించీ తెలిసినవారి సలహా కోరుతున్నాను.

ఆఫీసుకు రానూపోనూ 64 కిలోమీటర్లు అవుతుంది. అందులో ఎక్కువ భాగం హైవే, మిగిలినది సిగ్నళ్ల దగ్గర ఆగుతూ సాగే నగర రహదారి. ఇంటి దగ్గర కారు నిలిపే చోటే ప్లగ్ పాయింట్ ఉంది కానీ, ఆఫీసులో చార్జింగ్ దొరుకుతుందన్న భరోసా లేదు. ఏడాదికి నాలుగైదుసార్లు 400 కిలోమీటర్ల దూరంలో ఉన్న అమ్మానాన్నల దగ్గరికి పిల్లలతో వెళ్లి వస్తాం. కొన్న కారును కనీసం ఎనిమిదేళ్లు వాడాలన్నది మా ఉద్దేశం.

మేము చూసిన రెండు కార్లలో హైబ్రిడ్‌కు 13 యూనిట్ల (కిలోవాట్-అవర్ల) బ్యాటరీ ఉంది. కరెంటు మీద 60 కిలోమీటర్లు నడుస్తుందని కేటలాగులో రాశారు. ఎలక్ట్రిక్ కారుకు 55 యూనిట్ల బ్యాటరీ ఉంది. ఒకసారి చార్జింగ్ చేస్తే 400 కిలోమీటర్లు వస్తుందని రాశారు. రోజువారీ ప్రయాణం కరెంటు మీద గడిచిపోతుంది, దూరప్రయాణానికి పెట్రోలు తోడుంటుంది, ఇంతకంటే ఏం కావాలన్నది మావారి వాదన. వినడానికి అది సబబుగానే ఉంది. అయినా, ఒకే కారులో రెండు వ్యవస్థలను ఎనిమిదేళ్లపాటు మోయడం అవసరమా అన్న సందేహం నన్ను వదలడం లేదు.

సమాధానం 1

నమస్కారమండీ. మీరు ఇచ్చిన వివరాలను బట్టి చూస్తే, ఆఫీసులో చార్జింగ్ లేకపోతే చిక్కులో పడేది హైబ్రిడ్ కారే. ఎలక్ట్రిక్ కారుకు ఆ లోటు తెలియను కూడా తెలియదు. లెక్క వేసి చూడండి.

కేటలాగులో రాసే 60 కిలోమీటర్లు సాధారణంగా డబ్ల్యూఎల్‌టీపీ అనే, కారు మైలేజీని కొలిచే ప్రామాణిక పరీక్షలో వచ్చిన సంఖ్య అయి ఉంటుంది. ఆ పరీక్షను ప్రయోగశాలలో, హాయిగా ఉండే ఉష్ణోగ్రతలో, మధ్య మధ్య ఆగడాలతో కలిపి సగటున గంటకు సుమారు 46 కిలోమీటర్ల వేగంతో చేస్తారు. మీ దారిలో ఎక్కువ భాగం హైవే. పైగా 13 యూనిట్ల బ్యాటరీ అన్నంత మాత్రాన ఆ 13 యూనిట్లూ వాడుకోవడానికి రావు. బ్యాటరీ మన్నిక కోసం పైనా కిందా కొంత భాగాన్ని కంపెనీవారే పక్కన పెడతారు. వాడుకోవడానికి పదిన్నర యూనిట్లు వస్తాయనుకుందాం. వంద కిలోమీటర్ల వేగంతో పరుగెత్తే హైబ్రిడ్ కారు వంద కిలోమీటర్లకు 20 నుంచి 22 యూనిట్ల దాకా తీసుకుంటుంది కాబట్టి, 50 కిలోమీటర్ల దగ్గర బ్యాటరీ ఖాళీ అవుతుంది. హీటర్ వేసుకునే చలికాలంలో అది ఇంకా ముందే జరుగుతుంది.

అంటే ప్రతి సాయంత్రం ఇల్లు ఇంకా పద్నాలుగు పదిహేను కిలోమీటర్లు ఉందనగా, అంతవరకు చల్లగా ఉన్న ఇంజిన్ ఉన్నట్టుండి మొదలవుతుంది. చల్లటి ఇంజిన్ ఎక్కువ పెట్రోలు తాగుతుంది. పొగను శుద్ధి చేసే కెటాలిటిక్ కన్వర్టర్ 250, 300 డిగ్రీలకు వేడెక్కేదాకా తన పని సరిగ్గా చేయదు. ఇంజిన్ ఆయిల్ ఇంకా చిక్కగానే ఉంటుంది. అన్నీ వేడెక్కి కుదురుకునే సరికి మీరు ఇంటి ముందు ఉంటారు, ఇంజిన్ ఆపేస్తారు. పెట్రోలు కారుకు అత్యంత ప్రతికూలమైన ఈ వాడకమే మీ హైబ్రిడ్‌కు దినచర్య అవుతుంది. ఆఫీసులో ఒక్క ప్లగ్ పాయింట్ దొరికినా ఈ మాట అనేవాడిని కాదు, ఎందుకంటే 32 కిలోమీటర్ల చొప్పున రెండు విడతలుగా వెళ్తే ఆ బ్యాటరీ చక్కగా సరిపోతుంది.

ఇక మీ ఇంటి ప్లగ్ పాయింట్ సంగతి. ఎలక్ట్రిక్ కారు మీ దారిలో వంద కిలోమీటర్లకు 17, 18 యూనిట్లు తీసుకుంటుందనుకుంటే, రోజుకు 11 యూనిట్లు ఖర్చవుతాయి. చార్జింగ్‌లో పోయే పదో వంతును కూడా కలిపితే గోడ నుంచి 12, 13 యూనిట్లు తీసుకోవాలి. 2.3 కిలోవాట్లు ఇచ్చే మామూలు ప్లగ్ పాయింట్ మీద అది ఐదారు గంటల పని, రాత్రి నిద్రలోనే పూర్తవుతుంది. పెద్ద బ్యాటరీకి పెద్ద చార్జర్ తప్పనిసరి అనుకునేవారు చాలామంది ఉన్నారు, కానీ రోజూ నింపవలసింది ఆ రోజు ఖర్చయినంత మాత్రమే. అయితే ఒక జాగ్రత్త తప్పనిసరి. గంటల తరబడి నిండుగా కరెంటు లాగే ప్లగ్ పాయింట్‌లో స్క్రూ కాస్త వదులుగా ఉన్నా అక్కడ వేడి పుట్టి ప్లాస్టిక్ కరుగుతుంది. అందువల్ల ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి ఎర్తింగ్ పరీక్షించండి, ఆ పాయింట్‌కు విడిగా వైరు, విడిగా ఎంసీబీ (కరెంటు మితిమీరితే దానంతటదే ఆగే స్విచ్) వేయించండి, ఎక్స్‌టెన్షన్ బోర్డు మాత్రం ఎన్నడూ వాడకండి.

యూరోపియన్ కమిషన్ 2024లో విడుదల చేసిన నివేదికను కూడా మీవారికి చూపించండని చెబుతాను. 2021లో రిజిస్టరైన కార్లలోని మీటర్ల నుంచే సమాచారం సేకరించి చూస్తే, ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌ల అసలు ఇంధన వినియోగం పరీక్షలో చూపిన దానికి సగటున మూడున్నర రెట్లు ఉన్నట్టు తేలింది. జనం అనుకున్నంతగా చార్జింగ్ చేయకపోవడం, కరెంటు మీద అనుకున్నంత దూరం నడపకపోవడం దీనికి ప్రధాన కారణం. మీ ఇంట్లో రోజూ ప్లగ్ పెట్టినా, పైన చెప్పిన లెక్క ప్రకారం ఇంజిన్ రోజూ మొదలవుతూనే ఉంటుంది.

సమాధానం 2

పై సమాధానంలోని లెక్కతో నాకు పేచీ లేదు కానీ, ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌ను కొన్నేళ్లుగా సంతోషంగా వాడుతున్నవాడిగా రెండో వైపు కూడా చెప్పాలనిపించింది. మా ఆఫీసు ఇంటికి 20 కిలోమీటర్ల లోపే. రోజూ రాత్రి తప్పకుండా ప్లగ్ పెడతాను. వారాలు గడిచినా పెట్రోలు ముల్లు కదలదు. మేము తరచుగా వెళ్లే దూరపు దారిలో ఫాస్ట్ చార్జర్ ఉన్నది ఒక్కచోటే, అదీ పనిచేస్తుందన్న నమ్మకం లేదు. అలాంటి దారిలో పిల్లలతో వెళ్లేవారికి పెట్రోలు ట్యాంకు ఇచ్చే ధైర్యాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు.

కొనేముందు మాత్రం కొన్ని సంగతులు అడిగి తెలుసుకోండి. కొన్ని హైబ్రిడ్‌లలో చలికాలంలో హీటర్ వేయగానే, బ్యాటరీ నిండుగా ఉన్నా సరే, ఇంజిన్ మొదలవుతుంది. కారు లోపలికి వేడి ఇంజిన్ నుంచే రావాలి కాబట్టి అలా చేస్తారు. చాలా హైబ్రిడ్‌లకు ఫాస్ట్ చార్జింగ్ సదుపాయం ఉండదు కనుక, దూరప్రయాణంలో బ్యాటరీ అయిపోయాక దారిలో నింపుకొందామనుకోవడం వృథా. పెట్రోలు నెలల తరబడి ట్యాంకులో ఉంటే పాతబడుతుంది కూడా. 2010 చివర్లో వచ్చిన ప్లగ్-ఇన్ హైబ్రిడ్ షెవ్రొలే వోల్ట్‌లో ఇందుకోసమే ఒక ఏర్పాటు చేశారు. ఇంజిన్ ఆరు వారాలపాటు మొదలవకపోతే కాసేపు నడపమని కారే అడిగేది, ట్యాంకులోని పెట్రోలు ఏడాది పాతబడితే దాన్ని ఖర్చు చేయడానికి ఇంజిన్‌ను నడిపేది. ఇంజిన్ వాడినా వాడకపోయినా కంపెనీ చెప్పిన గడువుకు ఆయిల్ మార్పించక తప్పదు. వీటన్నిటికీ సిద్ధపడితే అది మంచి బండే. మీ 64 కిలోమీటర్లకు మాత్రం ఆ బ్యాటరీ చాలదన్న మాట నిజమే.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. మావారు కూడా చదివారు. రోజువారీ లెక్క ఒప్పుకున్నారు కానీ, ఆయనకు రెండు సందేహాలు మిగిలాయి. 400 కిలోమీటర్ల ప్రయాణంలో ఎలక్ట్రిక్ కారును ఎన్నిచోట్ల ఆపవలసి వస్తుంది? ఎనిమిదేళ్లలో ఏ బ్యాటరీ త్వరగా అరుగుతుంది?

సమాధానం 3

హైవే మీద గంటకు 100, 110 కిలోమీటర్ల వేగంతో వెళ్తే మీ కారు 400 కిలోమీటర్లు రాదు, 280 దాకా వస్తుందనుకోండి. నిండు బ్యాటరీతో బయలుదేరి 200 కిలోమీటర్ల దగ్గర ఆగితే మూడో వంతుకు కాస్త తక్కువ మిగిలి ఉంటుంది. అక్కడ అరగంట ఫాస్ట్ చార్జింగ్ చేస్తే 80 శాతానికి చేరుతుంది. ఆ పైన చార్జింగ్ వేగం బాగా తగ్గిపోతుంది కాబట్టి ఇంకా నిలబడడం కాలహరణం. ఆ 80 శాతంతో 224 కిలోమీటర్లు రావాలి, మీకు కావలసింది 200. కాగితం మీద ఒక్కసారి ఆగితే చాలు. ఎదురుగాలి వీచినా, చలి ఉన్నా, ఆ చార్జర్ దగ్గర వరుస ఉన్నా చాలదు. అందుచేత రెండుచోట్ల పావుగంట, ఇరవై నిమిషాల చొప్పున ఆగేటట్టు అనుకుని బయలుదేరండి. పిల్లలతో వెళ్లేవారు ఎలాగూ రెండుసార్లు ఆగుతారు.

అందరూ మరిచిపోయేది చేరిన తర్వాతి సంగతి. మీ అమ్మానాన్నల ఇంట్లో మామూలు ప్లగ్ పాయింట్ మీద రాత్రి పది గంటలు పెడితే బ్యాటరీలోకి చేరేది 20 యూనిట్లే, అంటే హైవే మీద వంద కిలోమీటర్లకు కాస్త ఎక్కువ. అక్కడ రెండు మూడు రాత్రులు ఉంటే నిండుగా తిరిగి వస్తారు. ఒక్క రాత్రే ఉండి తెల్లవారగానే బయలుదేరితే, మొదటి చార్జర్ అక్కడికి వంద కిలోమీటర్లలోపు ఉండాలి. ఆ దారిలో చార్జర్లు ఎక్కడెక్కడ ఉన్నాయో, వాటి గురించి ఇటీవల ఆగినవారు ఏమంటున్నారో, డబ్బు కట్టకముందే చూసుకోండి. వంద కిలోమీటర్లకు ఒకటి చొప్పున రెండు మూడు చోట్ల ఉంటే ఎలక్ట్రిక్ కొనండి. లేకపోతే పై మిత్రుడు చెప్పిన మాటకు బలం ఉంది. అప్పుడు 13 యూనిట్లది కాకుండా, ఇరవై యూనిట్లకు పైబడిన బ్యాటరీ ఉన్న హైబ్రిడ్‌ను వెతకండి.

బ్యాటరీ అరుగుదల విషయంలో చిన్న బ్యాటరీకే కష్టం ఎక్కువ. మీ దారిలో అది రోజూ అడుగంటా ఖాళీ అయి మళ్లీ నిండుతుంది. పెద్ద బ్యాటరీ రోజుకు ఐదో వంతు మాత్రమే తగ్గుతుంది. కొందరు హైబ్రిడ్ తయారీదారులు ఈ కష్టాన్ని ఎరిగి పెద్ద భాగాన్ని పక్కన పెట్టిన మాట కూడా చెప్పాలి. తొలి వోల్ట్‌లో 16 యూనిట్ల బ్యాటరీ ఉన్నా నడపడానికి ఇచ్చింది పదిన్నర యూనిట్ల లోపే, ఆ బ్యాటరీలు బాగానే నిలిచాయి. ఎలక్ట్రిక్ కారులో బ్యాటరీ ఏ రకమో అడగండి. నికెల్ ఉన్న రకమైతే రోజూ 80 శాతం దగ్గర ఆపేటట్టు పెట్టుకుని, దూరం వెళ్లే ముందు రాత్రి మాత్రమే నిండుగా నింపాలి. ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్, నికెల్ లేని) రకమైతే అప్పుడప్పుడు వంద శాతం దాకా నింపమని కంపెనీలే చెబుతాయి, ఎందుకంటే దానిలో ఎంత చార్జి మిగిలిందో వోల్టేజిని చూసి పసిగట్టడం కష్టం.

వారంటీ చాలా ఎలక్ట్రిక్ కార్ల బ్యాటరీలకు 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది, అని ఉంటుంది. బ్యాటరీ సామర్థ్యం 70 శాతం కంటే తగ్గితే బాగుచేసి ఇస్తామన్న హామీ అందులో స్పష్టంగా రాసి ఉందో లేదో చూడండి. అదే హామీ హైబ్రిడ్ బ్యాటరీకి కూడా ఉందా, లేక పూర్తిగా పాడైతేనే వర్తిస్తుందా అన్నది షోరూమ్‌వారి నోటిమాటగా కాకుండా వారంటీ పుస్తకంలో చదివి తెలుసుకోండి.

సమాధానం 1 రాసినవారు

ఒక్క మాట చేర్చాలి. టెస్ట్ డ్రైవ్‌ను షోరూమ్ చుట్టూ ఒక చుట్టుతో ముగించకండి. వీలైతే హైబ్రిడ్‌ను నిండు బ్యాటరీతో అడిగి తీసుకుని మీ ఆఫీసు దాకా, అక్కడి నుంచి ఇంటిదాకా, మీరు మామూలుగా వెళ్లే వేగంతోనే నడపండి. ఇంజిన్ ఎన్నో కిలోమీటరు దగ్గర మొదలైందో మీవారినే గమనించమనండి, నా లెక్క కంటే ఆ సంఖ్యే మీకు నమ్మదగినది.