ఎండావానల్లో ఉండే కూజాలకి మన కాలవ మట్టి పనికొస్తుందా?

ప్రశ్న (రాజోలు దగ్గర్నుంచి): పెరట్లో పెట్టడానికి మూడడుగుల కూజా, పిట్టలకి నీళ్ల తొట్లు చేద్దామనుకుంటున్నానండి. మా కాలవగట్టు మట్టి జిగురుగా బాగుంటుంది. నెట్‌లో చూస్తే మంచు తట్టుకునే మట్టే కొనమంటున్నారు. మనకి మంచు గడ్డకట్టదు కదా, సొంత మట్టి చాలదా?

జవాబు: ఆయ్, ఆ సలహా చలిదేశాల వాళ్లదండి. మట్టిలో ఇంకిన నీరు గడ్డకట్టి ఉబ్బితే పెచ్చులు ఊడతాయని వాళ్ల భయం. మనకి ఆ పని ఉప్పు చేసిపెడుతుంది. తడితోపాటు లోపలికి పోయిన ఉప్పు ఎండకి ఆరేటప్పుడు పలుకులు కట్టి పైపొరను పొడిగా రాల్చేస్తుంది, తీరం వైపు పాత ఇటుక గోడల అడుగున చూసే ఉంటారు.

మీ మట్టికి ఇంకో చిక్కు, నత్తగుల్లలు. చిన్న ముక్క మిగిలినా కాల్చినప్పుడు సున్నమై, తర్వాత తేమ పీల్చి ఉబ్బి, పైన పెంకు ఎగరగొడుతుంది. అందుకే నీళ్లలో కలిపి, సన్నటి జల్లెడలో వడకట్టాకే వాడండి. జిగురు మట్టి ఆరేటప్పుడు బాగా కుంచించుకుని పగులుతుంది కాబట్టి జల్లించిన ఇటుక పొడి ఐదో వంతు దాకా కలపండి. కాల్చిన ముక్కను సగం వరకు వాననీళ్లలో వారం ఉంచి చూడండి, పైభాగాన తెల్లగా ఉప్పు పూత కడితే ఆ మట్టి వదిలేయడం మేలు.

ప్రశ్న: గ్లేజు, అదే గాజులాంటి పూత, వేస్తే నీరు పీల్చదు కదండీ?

ఇంకొకరు: అడుగునుంచి పీలుస్తుందండి, బయటికి పోయే దారి లేక గ్లేజే పెచ్చులుగా లేస్తుంది. అసలు చూడాల్సింది మట్టి ఎంత నీరు తాగుతుందనేది. కాల్చిన ముక్కను ఆరబెట్టి తూచి, ఐదు గంటలు మరిగించి, ఒక రోజు ఆ నీళ్లలోనే వదిలేసి, పైతడి తుడిచి మళ్లీ తూచండి. 500 గ్రాములది 560 అయితే 12 శాతం తాగినట్టు. కుమ్మరి ఆవంలో కాల్చిన మన ఎర్రమట్టి దాదాపు అంతే తాగుతుంది, పోనీ అని 1200 డిగ్రీలకి తీసుకెళ్తే ఉబ్బి కారిపోతుంది. 1200 పైన కాలే స్టోన్‌వేర్ మట్టి మూడు శాతం లోపే తాగుతుంది. ద్వారకాతిరుమల వైపు దొరికే బాల్ క్లే, అంటే బాగా జిగురుండే సన్నటి మట్టి, ఆ వేడి తట్టుకుంటుంది గానీ, ఒక్కదానితోనే చేస్తే పగుళ్లు ఖాయం.

మొదటాయన: తొట్లలో ఎప్పుడూ నీళ్లుంటాయి కాబట్టి వాటికి స్టోన్‌వేర్ కొనండి. కూజా మాత్రం మీ మట్టితోనే చేసి, అడుగున కన్నం పెట్టి, నేల తడి ఎక్కకుండా రాతిపలక మీద నిలబెట్టండి. పాచి పడుతుంది, పట్టనీయండి, దానివల్ల వచ్చే నష్టమేం లేదు.