రీబేస్ గొడవలో ఇరుక్కున్నాను, ఏం చేయమంటారు?

బెంగళూరు మారతహళ్లిలో ఉంటాను, జావా డెవలపర్‌ని. కోడ్ మార్పుల చరిత్ర దాచే గిట్ అనే టూల్‌లో మార్పులు కలిపేటప్పుడు మెర్జ్ (రెండు దారుల్నీ అలాగే ఉంచి కలపడం) చేయాలా, రీబేస్ (మన మార్పుల్ని తాజా కోడ్ మీద వరసగా మళ్లీ పేర్చడం) చేయాలా అని మా టీమ్‌లో రోజూ పంచాయితీయే. మా లీడ్‌కి గిట్ హిస్టరీ గీత గీసినట్టుండాలి.

మొన్న శుక్రవారం ఇద్దరం ఒకే బ్రాంచ్‌లో (కోడ్‌లో విడిగా పని చేసుకునే పాయ) ఉండగా ఆయన రీబేస్ చేసి ఫోర్స్ పుష్ కొట్టారు, అంటే సర్వర్‌లో ఉన్నదాన్ని తోసేసి తనది పెట్టేశారు. తాజా కోడ్ తెచ్చుకుందామని నేనూ బుద్ధిలేకుండా హార్డ్ రీసెట్ (నా దగ్గరున్నది వదిలేసి సర్వర్‌లో ఉన్నదే తీసుకోవడం) కొట్టా. నా మూడు కమిట్లు (సేవ్ చేసిన మార్పులు) మాయం! రీఫ్లాగ్‌లో (గిట్ నా సిస్టమ్‌లో రాసుకునే చిట్టా) వెతికి పట్టుకునేసరికి రాత్రి తొమ్మిదిన్నర, ఆఫీసు క్యాబ్ వెళ్లిపోయింది.

"కనీసం ఫోర్స్ విత్ లీజ్ వాడదామండీ, పక్కవాళ్లు పుష్ చేసింది చెరిగిపోకుండా ఆగుతుంది" అన్నాను. స్టాండప్‌లో (రోజూ జరిగే చిన్న మీటింగ్) అందరి ముందూ ఆయన "ముందు గిట్ నేర్చుకో" అన్నారు. ఆయనా తెలుగువారే, టీ దగ్గర బాగానే మాట్లాడతారు. అప్రైజల్ మాత్రం ఆయన చేతిలోనే ఉంది.

మేనేజర్‌కి చెప్పనా? లేక ఎవరి పేరూ ఎత్తకుండా సర్వర్‌లోనే ఫోర్స్ పుష్ ఆపించమని సర్వర్లు చూసుకునే డెవాప్స్ వాళ్లని అడగనా? ఇలాంటివి పడ్డవాళ్లుంటే చెప్పండి, ప్లీజ్.