స్విఫ్ట్‌కి హోండా సిటీ అల్లాయ్స్ పడతాయా?

నెల్లూరు_స్విఫ్ట్:
అన్నలూ, నాది 2016 స్విఫ్ట్ వీఎక్స్‌ఐ పెట్రోల్. ఇనప రిమ్ములు, 165/80 ఆర్14 టైర్లు. టైర్లు అరిగిపోయాయి, ఎటూ మార్చాల్సిందే. ఇంతలో కావలిలో మా బావ స్నేహితుడొకరు తన 2015 హోండా సిటీకి పెద్ద రిమ్ములు వేయించుకుని, బండితో వచ్చిన 15 అంగుళాల అల్లాయ్స్ నాలుగూ అమ్మేస్తానన్నాడు. వాటి మీద 175/65 ఆర్15 టైర్లు కూడా సగానికి పైగా ఉన్నాయి. పోయి చూశాను, ఎక్కడా వెల్డింగ్ గానీ వంపు గానీ లేదు.

వేదాయపాళెం వైపు నేను పోయే టైర్ షాపు ఆయన "రెండూ 4x100 పీసీడీనే, తెచ్చేయ్, అరగంటలో ఎక్కిస్తా" అంటున్నాడు. పీసీడీ అంటే నట్ల బొక్కలు ఉండే వలయం అడ్డకొలత, 4x100 అంటే నాలుగు బొక్కలు, 100 మిల్లీమీటర్ల వలయం. మా మెకానిక్కేమో వేరే కంపెనీ రిమ్ము పెడితే స్టీరింగ్ కొట్టుకుంటుంది, బేరింగులు పోతాయి అంటాడు, ఎందుకు పోతాయంటే మాత్రం చెప్పడు. తరచుగా హైవే మీద చెన్నై పోయొచ్చే బండి, పిల్లలు కూడా ఎక్కుతారు, అందుకే టెన్షన్. ఇద్దరిలో ఎవరి మాట వినాలి? పడేటట్టయితే ఇంకేమైనా కొనాలా?

ఆత్మకూరు_డ్రైవర్:
పడతాయి తమ్ముడూ. 4x100 అంటే నాలుగు బొక్కలూ సరిగ్గా కూర్చుంటాయి. మా వైపు ఇట్లా మార్చిన స్విఫ్టులు తిరుగుతానే ఉన్నాయి. నట్లు గట్టిగా బిగించుకో, చాలు.

ఒంగోలు_గ్యారేజ్:
పై అన్నకు కోపం రాకూడదు గానీ, గట్టిగా బిగిస్తే చాలు అనేది చాలా ప్రమాదమైన మాట. పీసీడీ కలిస్తే రిమ్ము లోపలికి దూరుతుంది, అంతవరకే. దూరినంత మాత్రాన పట్టినట్టు కాదు. స్విఫ్ట్, సిటీల మధ్య మూడు తేడాలున్నాయి.

మొదటిది రిమ్ము మధ్యలో హబ్ (చక్రం ఎక్కే ఇరుసు చివరి భాగం) దూరే బొక్క. స్విఫ్ట్ హబ్ 54.1 మిల్లీమీటర్లు, సిటీ రిమ్ము బొక్క 56.1. అంటే రిమ్ము ఎక్కుతుంది గానీ చుట్టూ ఒక మిల్లీమీటరు ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీ వల్ల రిమ్ము వెంట్రుకవాసి పక్కకు కూర్చున్నా, ఊళ్లో తిరిగేటప్పుడు ఏమీ తెలియదు, హైవే ఎక్కి 80 దాటాక స్టీరింగ్ వణకడం మొదలవుతుంది, ఎన్నిసార్లు బ్యాలెన్సింగ్ చేయించినా పోదు. మీ మెకానిక్ చెప్పిన స్టీరింగ్ కొట్టుకోవడం ఇదే. దీనికి మందు చిన్నదే, బయట 56.1, లోపల 54.1 కొలత ఉన్న హబ్ రింగులు నాలుగు తెచ్చి మధ్యలో పెట్టాలి. అదే స్విఫ్ట్ రిమ్ము తీసుకెళ్లి సిటీకి పెట్టాలంటే అసలు ఎక్కనే ఎక్కదు, బొక్క చిన్నది.

రెండోది నట్టు మర. సుజుకీ స్టడ్డు (నట్టు ఎక్కే బోల్టు) ఎం12x1.25, హోండాది ఎం12x1.5. 12 అనేది లావు, రెండో అంకె మర గీతల మధ్య దూరం, రెండూ మిల్లీమీటర్లలో. రెండూ చూడ్డానికి ఒకటే లావు. సిటీ అతను రిమ్ములతో పాటు నట్లు కూడా ఇచ్చాడనుకో, అవి మీ స్టడ్డు మీద ఒకటి రెండు చుట్లు తిరిగి బిగుసుకుంటాయి, అక్కడ ఎయిర్ గన్ పెట్టి కొడితే మర చెడిపోతుంది. బయటికి మాత్రం బ్రహ్మాండంగా బిగిసినట్టే కనిపిస్తుంది.

మూడోది అందరూ వదిలేసేది, నన్నడిగితే అన్నిటికంటే ముఖ్యమైనది. నట్టు రిమ్ము మీద కూర్చునే చోటు. మారుతీలో అది కోను ఆకారం, 60 డిగ్రీల వాలు. హోండా కంపెనీ అల్లాయ్‌లో ఆ చోటు గిన్నెలాగా గుండ్రంగా ఉంటుంది, హోండా నట్టు కింది భాగం కూడా దానికి తగ్గట్టు గుండ్రంగానే ఉంటుంది. మీ స్విఫ్ట్ కోను నట్టు తెచ్చి ఆ గిన్నెలో బిగిస్తే మొత్తం ఆనదు, సన్నని గీత మీద మాత్రమే ఆనుతుంది. బరువంతా ఆ గీత మీదే పడి అల్యూమినియం అరుగుతుంది, నట్టు వదులవుతుంది. మనం మళ్లీ బిగిస్తాం, మళ్లీ వదులవుతుంది. చివరికి స్టడ్డు తెగుతుంది, లేదా చక్రమే ఊడుతుంది. దీన్ని బలంతో సరిచేయలేం.

కాబట్టి గుర్తు పెట్టుకోవాల్సింది ఇదే: నట్టు మర బండిని బట్టి, నట్టు అడుగు ఆకారం రిమ్మును బట్టి ఉండాలి. మీకు కావలసింది 1.25 మర, గుండ్రటి అడుగు ఉన్న నట్లు పదహారు. అవి మామూలు షాపుల్లో దొరకడం కష్టం, గుండ్రటి అడుగు నట్టు అంటే హోండా 1.5 మరవే చేతిలో పెడతారు. ఆ నట్లు చేతికి రాకముందు రిమ్ములకు డబ్బు కట్టొద్దు.

నెల్లూరు_స్విఫ్ట్:
ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదన్నా, చాలా థ్యాంక్స్. మరి బేరింగు సంగతి? నట్లు దొరక్కపోతే వేరే దారేంది?

ఒంగోలు_గ్యారేజ్:
బేరింగు సంగతి ఆఫ్‌సెట్‌ది, అంటే రిమ్ము వెడల్పు నడిమధ్య నుంచి అది హబ్‌కు ఆనే చోటు ఎంత దూరముందనే కొలత. రిమ్ము వెనక ఈటీ అని గానీ ఉత్త నంబరుగా గానీ పోత పోసి ఉంటుంది. మీ పాత రిమ్ము నంబరుతో పోల్చండి. నాలుగైదు మిల్లీమీటర్ల తేడా అయితే భయం లేదు. నంబరు బాగా తక్కువైతే చక్రం బయటికి పొడుచుకొస్తుంది, అప్పుడు బేరింగు మీద బరువు పక్కకు పడుతుంది. ఎవరైనా స్పేసరు (రిమ్ముకూ హబ్‌కూ మధ్య పెట్టే బిళ్ల) పెట్టి సర్దుతానంటే ఒప్పుకోవద్దు. స్టడ్డు మీద నట్టు కనీసం 12 మిల్లీమీటర్లు ఎక్కాలి, మీ మరకు అది తొమ్మిది పది చుట్లు. చేత్తో తిప్పుతూ లెక్కపెట్టండి.

వేరే దారంటే, స్విఫ్ట్ జెడ్‌ఎక్స్‌ఐకి వచ్చిన 15 అంగుళాల అల్లాయ్స్ వెతకండి, ఏ గొడవా లేదు. వేరే కంపెనీదే కావాలంటే హ్యుందాయ్ ఐ20 రిమ్ము చూడండి. 4x100, మధ్య బొక్క 54.1, నట్టు చోటు కోనే. హ్యుందాయ్ నట్టు మర 1.5 అయినా మనకు పనిలేదు, బిగించేది మీ స్విఫ్ట్ నట్లే కదా. చెన్నై పోతుంటారు కాబట్టి అక్కడి పాత బండి సామాన్ల బజారు పుదుపేటలో దొరకొచ్చు. వెల్డింగ్ చేసి పెయింట్ కొట్టినవి కూడా ఉంటాయి, లోపలి వైపు చేత్తో తడిమి చూడండి.

కనిగిరి_మామ:
రిమ్ము సంగతి ఆయన చెప్పాడు, నేను టైరు గురించి చెప్తా అబ్బాయ్. నీ పాత టైరు ఎత్తు సుమారు 620 మిల్లీమీటర్లు. సిటీ 175/65 ఆర్15 అయితే 608. బండి ఆరు మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది, మీటరు అసలు వేగం కంటే కాస్త ఎక్కువ చూపిస్తుంది. అదే 185/65 ఆర్15 వేస్తే 621, పాతదానికి సరిపోతుంది, జెడ్‌ఎక్స్‌ఐకి కంపెనీ వేసిందీ అదే. 16 అంగుళాలకు పోయి సన్న టైర్లు వేయొద్దు. మా పామూరు వైపు గానీ, గ్రానైట్ లారీలు తిరిగే చీమకుర్తి వైపు గానీ గుంతలో ఒక్కసారి పడితే రిమ్ము అంచు వంగుతుంది, టైరు పక్కన బుడగ లేస్తుంది.

ఇంకొకటి, నాలుగు బొక్కలన్నీ 4x100 అని నమ్మొద్దు. ఫిగోది 4x108, అది ఎక్కదు కాబట్టి బాధ లేదు. ఫియట్ పుంటోది 4x98, రెండు మిల్లీమీటర్లే తేడా. లాగి పెడితే ఎక్కినట్టే ఉంటుంది, స్టడ్లు వంగుతాయి. ఎదురెదురు బొక్కల మధ్యకీ మధ్యకీ స్కేలు పెట్టి కొలుచుకో.

సూళ్లూరుపేట_రైడర్:
స్టెప్నీ సంగతి ఎవరూ ఎత్తలేదు. సిటీ రిమ్ములే తీసుకుంటే డిక్కీలో ఉండేది మాత్రం పాత ఇనప రిమ్ము, దానికి కోను నట్లే కావాలి. పాత నట్లు నాలుగైనా సంచిలో కట్టి జాకీ, పానాతో పాటు పెట్టుకోండి. అర్ధరాత్రి నాయుడుపేట దగ్గర పంచర్ పడితే గుండ్రటి నట్లతో స్టెప్నీ బిగించకూడదు. కొత్త రిమ్ములు వేశాక 50, 100 కిలోమీటర్లు తిరిగి నట్లు మళ్లీ టార్క్ రెంచితో (ఎంత బలంతో బిగిసిందో కొలిచే పానా) చూపించండి, ఎంత టార్క్ అనేది బండి మాన్యువల్‌లో ఉంటుంది. ఇన్సూరెన్స్ వాళ్లకు కూడా చెప్పి పాలసీలో రాయించుకోండి, చెప్పకపోతే క్లెయిమ్ అప్పుడు రిమ్ముల డబ్బు అడగలేం.

నెల్లూరు_స్విఫ్ట్:
సిటీ రిమ్ములు వద్దని కావలికి ఫోన్ చేసి చెప్పేశాను. ఐ20వి గానీ జెడ్‌ఎక్స్‌ఐవి గానీ చూస్తాను, 185/65 టైర్లు కొత్తవి వేయిస్తాను. నెల్లూరు, గూడూరు చుట్టుపక్కల ఎవరి దగ్గరైనా మంచి సెట్టు ఉంటే ఇక్కడే చెప్పండి, రిమ్ము వెనక నంబర్లు కనిపించేలా ఫోటో పెట్టండి.