బూట్‌లూప్ వస్తే మొదటి సలహా ‘డేటా ఫార్మాట్’ కావాలా?

మలక్‌పేట సభ్యుడు:
నా ఫోన్‌లో కంపెనీ ఇచ్చిన ఓఎస్ బదులు, ఆండ్రాయిడ్ ఆధారంగా స్వచ్ఛందంగా తయారుచేసే లీనేజ్ ఓఎస్ వాడుతున్నాను. నిన్న రాత్రి 21 నుంచి 22కు, అంటే ఆండ్రాయిడ్ 14 నుంచి 15కు మారుదామని రికవరీలో (ఓఎస్ తెరుచుకోకపోయినా పనిచేసే మరమ్మతు మెనూలో) ఓఎస్ ఫైలునూ, దాని వెంటనే ఆండ్రాయిడ్ 15 గూగుల్ యాప్స్ ప్యాకేజీనీ సైడ్‌లోడ్ చేశాను, అంటే కేబుల్‌తో కంప్యూటర్ నుంచి ఎక్కించాను. ఓఎస్ ఫైలు ఎక్కుతుండగా కంప్యూటర్‌లో అంకె 47 శాతం దగ్గర ఆగిపోయింది. ఫోన్ ఆన్ చేస్తే లీనేజ్ యానిమేషన్ నలభై నిమిషాలు తిరుగుతూనే ఉంది, అంటే పూర్తిగా తెరుచుకోకుండా బూట్‌లూప్‌లో పడింది. ఎవరిని అడిగినా డేటా ఫార్మాట్ చేయమంటున్నారు. అందులో మా అమ్మమ్మ పాడగా రికార్డు చేసుకున్న మంగళహారతులు ఉన్నాయి, వాటికి మరో కాపీ లేదు. ఫార్మాట్ తప్పదా?

కూకట్‌పల్లి సభ్యుడు:
తప్పదనే నా అభిప్రాయం. వెర్షన్ మారినప్పుడు పాత డేటా మీదనే కొత్త ఓఎస్ వేస్తే, ఆ తర్వాత వచ్చే తప్పు ఓఎస్‌దా, మిగిలిపోయిన పాత సెట్టింగులదా అన్నది ఎవరూ తేల్చలేరు. ఈ ఓఎస్‌లను జీతం లేకుండా, ఉద్యోగాలు చేసుకుంటూ రాత్రిళ్లు తయారుచేసేవారికి అలాంటి ఫిర్యాదులు పంపడం అన్యాయం. వేరే ఓఎస్ వేసుకోవడానికి బూట్‌లోడర్ (ఫోన్ ఆన్ కాగానే ఓఎస్‌ను మొదలుపెట్టే ప్రోగ్రామ్) అన్‌లాక్ చేసినప్పుడే ఫోన్ మొత్తం ఒకసారి తుడిచిపెట్టుకుపోతుంది కనుక, బ్యాకప్ లేకుండా ఈ దారిలో నడవకూడదని అందరికీ ఆ రోజే తెలిసి ఉండాలి.

సికింద్రాబాద్ సభ్యురాలు:
బ్యాకప్ గురించి మీరన్నది అక్షరాలా నిజం. అయితే ఇప్పుడు అడుగుతున్నది బ్యాకప్ లేని మనిషి. ఆయనకు మనం చెప్పే మొదటి మాట వెనక్కి తీసుకోలేని పని కాకూడదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఫోన్ ఎక్కడ ఆగిందో చూస్తేనే సగం సంగతి తెలిసిపోతుంది. తయారీ సంస్థ లోగో దగ్గరే ఆగితే లోపం సాధారణంగా ఓఎస్‌ను మొదలుపెట్టే బూట్ ఇమేజ్‌లోనో, ఓఎస్‌కు కేంద్రమైన కెర్నల్‌లోనో, ఫోన్ భాగాలను నడిపే ఫర్మ్‌వేర్‌లోనో ఉంటుంది. అక్కడ డేటా తుడిచినా ఫలితం ఉండదు. మూడేళ్ల క్రితం మా తమ్ముడి ఫోన్ అలాగే ఆగితే ఒక మరమ్మతు దుకాణంలో ఇచ్చాం. పది నిమిషాల్లో ఫార్మాట్ చేసి చేతిలో పెట్టారు. ఇంటికి తెచ్చి ఆన్ చేస్తే మళ్లీ అదే లోగో, ఎందుకంటే కొత్త ఓఎస్ కోరే ఫర్మ్‌వేర్ కన్నా ఆ ఫోన్‌లో ఉన్నది పాతది. వాడి కాలేజీ ఫొటోలన్నీ ఏ ప్రయోజనమూ లేకుండా పోయాయి. వాడు ఆ రోజు అన్నం తినలేదు.

లీనేజ్ యానిమేషన్ దాకా వచ్చిందంటే కెర్నల్ పనిచేస్తున్నట్టే, తేడా ఆ పైన ఎక్కడో ఉంది. అలాకాకుండా ఫోన్ తనంతట తానే రికవరీకి వచ్చి, డేటా చెడిపోయి ఉండవచ్చని చెబితే, అప్పుడు ఎన్‌క్రిప్షన్‌ను, అంటే ఫైళ్లకు వేసే గుప్త తాళాన్ని అనుమానించాలి. ఆండ్రాయిడ్ 10తో విడుదలైన ఫోన్ల నుంచి ఫైళ్ల ఎన్‌క్రిప్షన్ తప్పనిసరి అయింది. దాని తాళంచెవులను కాపాడేది ప్రాసెసర్‌లోని భద్ర విభాగం; అవి ఓఎస్ వెర్షన్‌తోనూ సెక్యూరిటీ ప్యాచ్ తేదీతోనూ ముడిపడి ఉంటాయి కాబట్టి, వెనకటి ప్యాచ్‌కు దిగితే డేటా తెరుచుకోదు. ఫార్మాట్ చేస్తే ఆ తాళంచెవులే పోతాయి. మెమరీ కార్డులో చెరిగిన ఫొటోలను సాఫ్ట్‌వేర్‌తో తిరిగి రప్పించినట్టు ఇక్కడ రప్పించలేం.

ఇక మలక్‌పేట మిత్రుని ఫోన్ విషయం. 47 శాతం దగ్గర అంకె ఆగడం తప్పనిసరిగా లోపం కాదు. కొన్ని ఫోన్లలో పని పూర్తయినా అంకె అక్కడే నిలిచి, ఆదేశం చదవలేకపోయామన్న వాక్యం చివర ‘సక్సెస్’ అన్న మాట కనిపిస్తుంది. నా అనుమానం ఆయన రాసిన ‘దాని వెంటనే’ అన్న మాట మీద ఉంది. 2016లో ఆండ్రాయిడ్ 7.0తో వచ్చిన రెండు స్లాట్ల ఏర్పాటు (ఓఎస్‌కు రెండు చోట్లు, ఒకటి వాడుకలో, మరొకటి అప్‌డేట్ కోసం) ఆ ఫోన్‌లో ఉంటే, ఓఎస్ ఫైలు వాడుకలో లేని స్లాట్‌లోకి వెళుతుంది. మధ్యలో రికవరీని ఒకసారి రీబూట్ చేస్తేనే అది కొత్త స్లాట్ మీదికి వస్తుంది. అలా చేయకుండా వేస్తే గూగుల్ యాప్స్ పాత స్లాట్‌లో పడతాయి, కొత్త ఓఎస్ వాటి కోసం వెతుక్కుంటూ మిగిలిపోతుంది. కాబట్టి ఓఎస్ ఫైలును మళ్లీ సైడ్‌లోడ్ చేసి, రికవరీని రీబూట్ చేసి, అప్పుడు గూగుల్ యాప్స్ వేయండి. ఫైలు తయారీదారు డిజిటల్ సంతకం సరిపోలడం లేదని రికవరీ అడిగితే కంగారు పడకుండా సరే అనండి. ఆ ప్యాకేజీ మీద ఉన్నది లీనేజ్ వారి సంతకం కాదు గనుక అది అడిగే తీరుతుంది. వేసే ముందు రెండు ఫైళ్ల షా-256 విలువలనూ (ఫైలు చెడిపోలేదని తేల్చే గుర్తులు) డౌన్‌లోడ్ పేజీలో ఇచ్చినవాటితో పోల్చి చూడండి. మెనూలో ఫ్యాక్టరీ రీసెట్ జోలికి మాత్రం వెళ్లకండి.

కంపెనీ ఓఎస్ నుంచి మొదటిసారి లీనేజ్ లాంటి కస్టమ్ ఓఎస్‌కు మారేటప్పుడు, వేరే సంతకంతో తయారైన బిల్డ్‌కు (ఓఎస్ కూర్పుకు) మారేటప్పుడు ఫార్మాట్ చేయాల్సిందే. అక్కడ నాకూ కూకట్‌పల్లి గారికీ తేడా లేదు.

కూకట్‌పల్లి సభ్యుడు:
స్లాట్ల సంగతి నేను అడగకుండానే తీర్పు చెప్పేశాను, అది నా తొందరపాటే. అయినా ఒక మాట మీద నిలబడతాను: ఇలా బయటపడిన ఫోన్‌లో రేపు కెమెరా యాప్ ఆగిపోతే, క్లీన్ ఫ్లాష్ (డేటా తుడిచి ఓఎస్‌ను కొత్తగా వేయడం) చేసి చూడకుండా ఆ ఫిర్యాదును తయారుచేసినవారికి పంపకూడదు. ప్రశ్న అడిగేవారు కూడా ఫోన్ మోడల్, ఏ బిల్డ్ నుంచి ఏ బిల్డ్‌కు వచ్చారు, ఏ క్రమంలో వేశారు, తెర మీద ఏ మాటలు కనిపించాయి అన్నవి మొదటే రాస్తే, మాబోటివాళ్లు ఊహల మీద సలహాలు ఇవ్వరు.

మలక్‌పేట సభ్యుడు:
నాది రెండు స్లాట్ల ఫోనే. మధ్యలో రికవరీ రీబూట్ చేయలేదు. ఈ సాయంత్రం కోఠీ వెళ్లి మంచి కేబుల్ ఒకటి కొనుక్కొచ్చాను, పాతది కాస్త కదిలితే చాలు కంప్యూటర్‌కు ఫోన్ కనిపించకుండా పోతోంది. సికింద్రాబాద్ గారు చెప్పిన క్రమంలోనే వేశాను. అంకె మళ్లీ 47 దగ్గరే ఆగింది, చివర సక్సెస్ అన్న మాట ఉంది. నిన్న దాన్ని నేను చదవనే లేదు. యానిమేషన్ నాలుగు నిమిషాలు తిరిగాక పిన్ అడిగింది.

మొదట రికార్డింగుల ఫోల్డర్ తెరిచాను. పదకొండు ఫైళ్లూ ఉన్నాయి. మూడో హారతి మధ్యలో అమ్మమ్మ దగ్గి, ‘ఆపకురా, పాడతా’ అంటుంది, అదీ ఉంది. అన్నిటినీ కంప్యూటర్‌లోకీ, అక్క ఫోన్‌లోకీ కాపీ చేశాను. కూకట్‌పల్లి గారు కోరినట్టు ఆదివారం క్లీన్ ఫ్లాష్ చేస్తాను.