వాన పడితే ఇంజిన్ మిస్సింగ్: ఇంజెక్టర్లు మార్చాలా?

ప్రశ్న:
చెన్నై వేళచ్చేరిలో ఉంటున్నాను. నాలుగు సిలిండర్ల పెట్రోల్ కారు, 70 వేల కిలోమీటర్లు తిరిగింది. వానలు మొదలైనప్పటి నుంచి మిస్సింగ్ (ఏదో ఒక సిలిండర్‌లో పెట్రోల్ సరిగ్గా మండకపోవడం) వస్తోంది, అదీ ఎప్పుడో ఒకసారి. ఏసీ వేసుకుని కత్తిపారా ఫ్లైఓవర్ ఎక్కుతుంటే జర్కులు కొడుతుంది, చెక్ ఇంజిన్ లైట్ ఆరి వెలుగుతుంది. దిగేసరికి అంతా మామూలే. మెకానిక్ దగ్గర మాత్రం నిక్షేపంగా నడుస్తుంది. ఆయన సిలిండర్లకు పెట్రోల్ చిమ్మే నాలుగు ఇంజెక్టర్లూ మార్చేద్దామంటున్నారు. పిల్లల్ని ఎక్కించుకుని వెళ్లాలంటే టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు:
ఇంజెక్టర్ల జోలికి ఇప్పుడే వెళ్లకండి. మీరు చెప్పినదాంట్లోనే రెండు ఆధారాలున్నాయి: వాన, ఎత్తు. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్ మీద లోడ్ పడుతుంది, అప్పుడు సిలిండర్‌లో ఒత్తిడి పెరుగుతుంది, ప్లగ్ దగ్గర స్పార్క్ దూకడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి. ప్లగ్‌కు ఆ వోల్టేజీ ఇచ్చే కాయిల్ బూట్‌లో (ప్లగ్ మీద కూర్చునే రబ్బరు తొడుగులో) పగులున్నా, తేమ చేరినా ఆ కరెంటు పక్కదారిన ఇంజిన్ బాడీలోకి పోతుంది. ఇంజెక్టర్ మూసుకుపోతే దానికి వానతో పనేముంది? ఇంజిన్‌లోకి పక్కనుంచి గాలి లీకైతే ఐడ్లింగ్‌లోనే (బండి నిలబెట్టి ఇంజిన్ ఆన్‌లో ఉంచినప్పుడే) ఎక్కువ తెలుస్తుంది.

ఓబీడీ స్కానర్‌తో (కారు కంప్యూటర్‌లో నమోదైన తప్పుల్ని చదివే పరికరంతో) కోడ్ చూడండి. పి0301 నుంచి పి0304 దాకా అయితే చివరి అంకె సిలిండర్ నంబరు. పి0300 అంటే ఒక్కదానికే పరిమితం కాలేదని. కోడ్ చెరిపేసేముందు ఫ్రీజ్ ఫ్రేమ్ రాసి పెట్టుకోండి, మిస్సింగ్ వచ్చిన క్షణంలో ఆర్పీఎం, లోడ్, ఇంజిన్ వేడి ఎంతో అందులో ఉంటాయి. బ్యాటరీ వైరు పీకితే అదీ పోవచ్చు.

ఒకటి మాత్రం గట్టిగా చెబుతున్నా. లైట్ ఆరి వెలుగుతుంటే వెంటనే యాక్సిలరేటర్ మీద కాలు తగ్గించండి, అయినా లైట్ అలాగే కొట్టుకుంటుంటే బండి పక్కకు ఆపండి. కాలని పెట్రోల్ క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి (సైలెన్సర్ దారిలో పొగను శుభ్రం చేసే భాగంలోకి) వెళ్లి అక్కడ మండుతుంది. అది పాడైతే ఖర్చు ఇంజెక్టర్లతో పోయేది కాదు.

మరొకరు:
పెట్రోల్‌లో నీళ్లు కలిశాయేమో అన్నా? మొన్న మా వీధి బంకులోకి వాన నీళ్లు వచ్చాయి.

జవాబు:
అనుమానించదగ్గదే. కానీ నీళ్లు కలిస్తే సాధారణంగా అన్ని సిలిండర్లూ ఇబ్బంది పెడతాయి. అందుకే ముందు కోడ్ అడిగాను.

అడిగినవారు:
పి0303 వచ్చింది అన్నా. ఒక్కటే.

జవాబు:
మంచిది, పని సగమైంది. ఇంజిన్ చల్లారాక మూడో సిలిండర్ కాయిల్ ఒకటోదానికి, ఒకటోది మూడోదానికి మార్చండి. కోడ్ చెరిపి, మళ్లీ అదే ఫ్లైఓవర్ ఎక్కండి. పి0301 వస్తే తప్పు కాయిల్‌ది. పి0303 దగ్గరే నిలిస్తే ప్లగ్ మార్చి చూడాలి, తర్వాత ఇంజెక్టర్, ఆఖరికి కంప్రెషన్ (సిలిండర్ లోపలి ఒత్తిడి). మల్టీమీటర్‌తో కాయిల్ బాగుందని తేల్చేయకండి, చల్లగా ఉన్నప్పుడు సరైన రీడింగ్ చూపించే కాయిల్ కూడా వేడెక్కి లోడ్ పడ్డాక చేతులెత్తేస్తుంది.

కాయిల్ తీసినప్పుడు ప్లగ్ గుంతలోకి టార్చి వేసి చూడండి. నూనె ఉంటే వాల్వ్ కవర్ సీల్ పోయినట్టు. ప్లగ్ విప్పేముందు గుంతను గాలితో ఊదండి, లేకపోతే మట్టి సిలిండర్‌లో పడుతుంది.

అడిగినవారు:
కాయిల్స్ అటూ ఇటూ మార్చాక వాన పడ్డ రోజు పి0301 వచ్చింది! మూడో గుంతలో తడి ఉంది. ప్లగ్ తెల్ల పింగాణీ మీద పైనుంచి కిందికి పెన్సిల్‌తో గీసినట్టు సన్నటి నల్ల గీత. తుడిస్తే పోవడం లేదు.

జవాబు:
కరెంటు పాకిన దారి అది. బూట్ లోపల కూడా అలాంటి గీతే ఉంటుంది. అందుకే ప్లగ్ ఒకటే మార్చితే లాభం లేదు, పాత బూట్ కొత్త ప్లగ్‌నూ పాడు చేస్తుంది. ఆ కాయిల్ బూట్‌తో సహా కొత్తది వేయించండి. పుదుపేటలో సెకండ్‌హ్యాండ్ కాయిల్ చవగ్గా దొరుకుతుంది, కానీ దీనికి వద్దు. ప్లగ్గులు నాలుగూ మార్చండి, మీ మాన్యువల్‌లో చెప్పిన గ్యాప్ (ప్లగ్ కొనలో స్పార్క్ దూకే ఖాళీ), టార్క్ (బిగింపు బలం) ప్రకారం బిగించాలి.

ఇక ఆ నీళ్లు ఎక్కడివో చూడాలి. వైపర్ల కింద ప్లాస్టిక్ కవర్ ఎత్తండి. అక్కడి డ్రెయిన్ ఆకులతో మూసుకుపోతే నీళ్లు ఇంజిన్ మీదికి కారతాయి. ఒక మగ్గు నీళ్లు అద్దం మీద పోసి, బానెట్ కింద ఎక్కడ చుక్క పడుతోందో చూసి చెప్పండి.