చిన్న సర్వర్‌లో డౌన్‌ఓటు వేస్తే కారణం కూడా చెప్పాలా?

లెమ్మీలో (రెడిట్‌లా పోస్టులకు ఓట్లు వేసే చర్చావేదిక, ఒకదానితో ఒకటి కలిసిన వేర్వేరు సర్వర్లుగా నడుస్తుంది) ఒక చిన్న సర్వర్‌లో చేరి 3 నెలలైంది. రోజూ మాట్లాడేది పాతిక మందికి మించదు. మొన్న ఒకరు పాత కీబోర్డు ఫొటో పెట్టి ఎలా శుభ్రం చేయాలని అడిగారు. కింద ఇంకొకాయన "మొత్తం నీళ్లలో ముంచెయ్, ఏం కాదు" అన్నారు. తప్పు సలహా అనిపించి డౌన్‌ఓటు (వ్యతిరేక ఓటు) నొక్కి ఊరుకున్నాను. గంట తిరక్కుండానే ఆయన మెసేజ్: "నా మీద కోపమేంటండీ?"

తీరా చూస్తే ఆయనే ఆ సర్వర్ నడిపే అడ్మిన్. ఎవరు ఏ ఓటు వేశారో అడ్మిన్‌లకు కనిపిస్తుందట, ఓటు మన పేరుతోనే వేరే సర్వర్లకూ వెళ్తుందట. నాకు అప్పుడే తెలిసింది. వేల ఓట్లు పడేచోట నాదెవరికీ పట్టదు. ఇక్కడ ఆయన కామెంటు స్కోరు ఒకటి నుంచి సున్నాకి పడింది, అదీ నా ఒక్కడి వల్లే!

ట్విట్టర్ లాంటి మాస్టొడాన్‌లో అసలు డౌన్‌ఓటే లేదు. కొన్ని లెమ్మీ సర్వర్లూ దాన్ని తీసేశాయి. ఉన్నచోట మీరు దేనికి వాడతారు? స్పామ్‌కీ తిట్లకీ మాత్రమేనా, తప్పు సమాచారానికి కూడానా? ప్రతిసారీ కారణం రాస్తే పంతులుగారిలా ఉండదూ?

ఆయనకింకా జవాబివ్వలేదు. ఓటు వెనక్కి తీసుకుంటే భయపడ్డట్టుంటుంది, ఉంచితే పంతం పట్టినట్టుంటుంది. మీరైతే ఏం రాస్తారు?