పర్లారె క్రియ పట్టికలో 21 టెన్స్‌లు: ఏ వరసలో నేర్చుకోవాలి?

నాగావళి గట్టు (శ్రీకాకుళం)

ఇటాలియన్ బీ1 (మధ్యస్థాయి) పరీక్షకి చదువుతున్నాను. పర్లారె, అంటే మాట్లాడడం, రెగ్యులర్ క్రియే. అయినా పట్టిక తెరిస్తే ఏడు మూడ్‌లు (చెప్పే తీరులు), వాటి కింద మొత్తం 21 టెన్స్‌లు. ప్రెజెంతె (వర్తమానం) వరకు నోటికి వచ్చింది: పర్లొ, పర్లి, పర్ల, పర్ల్యామొ, పర్లాతె, పర్లనొ. అక్కణ్ణుంచి అన్నీ కలగాపులగం అయిపోతున్నాయి.

ఏ వరసలో పట్టుకోవాలి? పర్లెరేమొ, పర్లెరెమ్మొ రెండూ కనిపిస్తున్నాయి, ఒకటి అచ్చుతప్పా? కొంజుంతీవొ అనే మూడ్ ఎక్కడ వాడాలో ఎలా తెలుస్తుంది? రోజుకి గంట మాత్రమే కుదురుతుంది. తెలిసినవాళ్లు కాస్త విడమర్చి చెప్పండి.

చంపావతి (విజయనగరం)

ముందు ఆ 21ని విడగొడదాం, భయం సగం పోతుంది. అందులో 9 సొంత రూపాలు కావు. అవేరె (కలిగి ఉండడం) అనే సహాయక్రియని తిప్పి, పక్కన పర్లాతొ పెడితే వచ్చేవే: ఒ పర్లాతొ (మాట్లాడాను), అవేవొ పర్లాతొ (అప్పటికే మాట్లాడి ఉన్నాను), అవ్రో పర్లాతొ, అవ్రేయ్ పర్లాతొ, అలాగన్నమాట. అవేరె ఒక్కటీ గట్టిగా వస్తే ఈ తొమ్మిదీ వచ్చినట్టే. మిగిలిన 12లో నాలుగు పురుషని బట్టి మారవు: పర్లారె, పర్లందొ (మాట్లాడుతూ), పర్లాతొ, పర్లంతె. ఇక మిగిలేవి ఎనిమిది పట్టికలు. ఆజ్ఞలకి వాడే ఇంపెరతీవొ చాలావరకు ప్రెజెంతె నుంచీ కొంజుంతీవొ నుంచీ అరువు తెచ్చుకున్నదే. పస్సాతొ రెమోతొని (చరిత్ర రాతల్లో వాడే భూతకాలం) చదివితే అర్థమయ్యేంత నేర్చుకుంటే ఇప్పటికి చాలు. అంటే కూర్చుని బట్టీ పట్టాల్సినవి ఆరు, అందులో ఒకటి మీకు వచ్చేసింది.

నేను రాసే పద్ధతి ఒకటి చెప్పేస్తాను: మాట మధ్యలో దీర్ఘం ఉంటే ఊనిక (నొక్కి పలకడం) అక్కడ. మాట చివర దీర్ఘం ఉంటే ఊనిక చివర, ఇటాలియన్‌లో అక్కడ అక్షరం మీద చిన్న గీత పెడతారు. పర్లొ అంటే నేను మాట్లాడతాను. పర్లో అంటే అతను మాట్లాడాడు, పస్సాతొ రెమోతొ. ఊనిక ఒక్కటి జరిగితే మనిషీ కాలమూ రెండూ మారిపోతాయి.

వరస ఇది. ప్రెజెంతె అయ్యాక ఇంపెర్ఫెత్తొ (అప్పట్లో జరుగుతూ ఉన్నదాన్ని చెప్పే భూతకాలం), ఎందుకంటే అన్నిటికంటే నిలకడైనది అదే. చివరి 'రె' తీసేసి వొ, వి, వ, వామొ, వాతె, వనొ తగిలించడమే: పర్లావొ, పర్లావి, పర్లావ, పర్లవామొ, పర్లవాతె, పర్లావనొ. క్రేదెరెకి (నమ్మడం) క్రెదేవొ, దొర్మీరెకి (నిద్రపోవడం) దొర్మీవొ. ఆరె, ఎరె, ఈరె అనే మూడు గుంపులకీ ఒకటే తోక.

దాని తర్వాత ఫుతూరొ (భవిష్యత్తు), కొందిత్స్యొనాలె ('వీలుంటే చేసేవాణ్ణి' అనేది). ఈ రెండూ కలిపి నేర్చుకోండి, మొదలు రెంటికీ ఒకటే: పర్లారె చివరి 'ఎ' తీసేసి, 'లా'ని 'లె' చెయ్యండి, పర్లెర్ వస్తుంది. తప్పు పడేది ఇక్కడే. పర్లరో అని రాస్తారు. 'ఆరె' గుంపులో మాత్రమే ఈ అ, ఎగా మారుతుంది. క్రేదెరె, దొర్మీరెల్లో మార్పు లేదు: క్రెదెరో, దొర్మిరో.

ఫుతూరొ: పర్లెరో, పర్లెరాయ్, పర్లెరా, పర్లెరేమొ, పర్లెరేతె, పర్లెరన్నొ. ఆ తోకల్ని ఒకసారి పైకి చదవండి. ఒ, ఆయ్, అ, అన్నొ వినిపిస్తాయి, అవి అవేరె ప్రెజెంతె రూపాలే. జనం వాడుక లాటిన్‌లో 'మాట్లాడడం ఉంది నాకు' అన్నట్టు చెప్పేవారు, ఆ రెండు మాటలూ అతుక్కుని ఈ టెన్స్ పుట్టింది. కొందిత్స్యొనాలెలో అతుక్కున్నది అదే క్రియ భూతకాల రూపం: పర్లెరేయ్, పర్లెరెస్తి, పర్లెరెబ్బె, పర్లెరెమ్మొ, పర్లెరెస్తె, పర్లెరెబ్బెరొ. చివర్లో ఉన్న 'ఎబ్బె' అవేరె పస్సాతొ రెమోతొయే. ఇది తెలిస్తే ఆ రెండు బ్బలు ఎక్కణ్ణుంచి వచ్చాయో మళ్లీ మర్చిపోరు.

కాబట్టి మీ రెండో ప్రశ్నలో అచ్చుతప్పు లేదు. పర్లెరేమొ అంటే మాట్లాడతాం, రేపో ఎల్లుండో. పర్లెరెమ్మొ అంటే మాట్లాడేవాళ్లం, వీలుంటే. తెలుగు చెవికి ఇది కష్టం కాకూడదు. గడి వేరు, గడ్డి వేరు. కల వేరు, కల్ల వేరు. అదే చెవితో వినండి. పలికేటప్పుడు మ్మ మీద ఆగకపోతే ఎదుటివాళ్లకి భవిష్యత్తు వినిపిస్తుంది.

కళింగపట్నం కెరటం (శ్రీకాకుళం జిల్లా)

చంపావతిగారు చెప్పినదానికి ఉచ్చారణ వైపు నుంచి నాలుగు ముక్కలు. బహువచనం 'నొ' దగ్గర నూటికి తొంభైమంది ఊనిక తప్పుగా వేస్తారు. పర్లానొ అనేస్తారు, పర్ల్యామొ, పర్లాతె చదివిన ఊపులో. అది పర్లనొ, బరువంతా మొదటి 'ప' మీద. సూత్రం ఏటంటే, ప్రెజెంతెలో 'వాళ్లు' రూపం ఊనికని 'నేను' రూపం నుంచి తీసుకుంటుంది. ఆబితొ (నివసిస్తాను) అయితే ఆబితనొ, చివరి నుంచి నాలుగో అక్షరం మీద. "ఆబితొ అ శ్రీకాకుళం" అనాలి, "అబీతొ" అనకూడదు.

త, ద అక్షరాలు మనవే, నాలుక పళ్లకి తగలాలి. ఇంగ్లీషు అలవాటుతో పర్లాటొ అంటే చెవికి గుచ్చుకుంటుంది.

అక్షరక్రమంలో ఒక్కటి చూసుకోండి. చెర్కారె (వెతకడం), పగారె (డబ్బు కట్టడం) లాంటి వాటిలో క, గ శబ్దం చివరిదాకా నిలవాలి. ఇటాలియన్ రాతలో సి (c), జి (g) అక్షరాల తర్వాత ఐ (i) గానీ ఇ (e) గానీ వస్తే అవి చ, జ అయిపోతాయి. అందుకే మధ్యలో హెచ్ దూరుస్తారు: చెర్కి, చెర్క్యామొ, చెర్కెరో. ఎదురు వైపున మంజారె (తినడం)లో జ శబ్దం కోసమే ఐ ఉంది. తోకలో ఐ గానీ ఇ గానీ వచ్చిందంటే ఆ పాత ఐకి పని లేదు, పడిపోతుంది. మంజి అని రాసేటప్పుడు ఒక్క ఐ చాలు.

'ఈరె' గుంపులో రెండు జాతులున్నాయి. దొర్మీరె మామూలుగా దొర్మొ, దొర్మి. ఫినీరె (ముగించడం) మాత్రం మధ్యలో ఇస్క్ తెచ్చుకుంటుంది: ఫినిస్కొ, ఫినిష్షి, ఫినిష్షె, ఫిన్యామొ, ఫినీతె, ఫినిస్కొనొ. నోయ్ (మేం), వోయ్ (మీరు) రూపాల్లో అది రాదు. ఏది ఏ జాతో పోల్చడానికి ఒక కొండగుర్తు: ఇటాలియన్ అక్షరాల్లో చివరి నుంచి అయిదోది చూడండి. హల్లయితే దొర్మీరె దారి, అచ్చయితే ఫినీరె దారి. కపీరె (అర్థం చేసుకోవడం)లో అయిదోది ఎ (a) అక్షరం, కాబట్టి కపిస్కొ. కూచీరె అని పలక్కండి, కుచీరె (కుట్టడం), అది ఈ సూత్రానికి లొంగదు. కొస్త్రుయీరె (కట్టడం) కూడా అంతే, హల్లున్నా ఇస్క్ తెచ్చుకుంటుంది.

చంపావతి (విజయనగరం)

కొంజుంతీవొ సంగతి మిగిలిపోయింది. ప్రెజెంతెలో అచ్చు తారుమారవుతుంది, అంతే. 'ఆరె' క్రియకి ఇ వస్తుంది: పర్లి, పర్లి, పర్లి, పర్ల్యామొ, పర్ల్యాతె, పర్లినొ. మిగతా రెండు గుంపులకి అ వస్తుంది: క్రేద, దొర్మ, ఫినిస్క. ఏకవచనం మూడూ ఒకేలా ఉన్నాయి కాబట్టి ఎవరో తెలియడానికి ఇయొ (నేను), తు (నువ్వు), లూయి (అతను) అని ముందు చెప్పాల్సి రావచ్చు. మామూలుగా ఇటాలియన్‌లో ఆ అవసరం రాదు. తెలుగులో 'వచ్చాను' అంటే 'నేను' చెప్పక్కర్లేనట్టే అక్కడా తోకే మనిషిని చెబుతుంది.

ఎక్కడ వాడాలంటే, మొదటి వాక్యం అనుకోవడమో కోరడమో అనుమానించడమో అయినప్పుడు: పెన్సొ కె (అనుకుంటున్నాను), స్పేరొ కె (ఆశిస్తున్నాను), వోల్యొ కె (కోరుతున్నాను). తెలిసిన సంగతి అయితే వద్దు: సొ కె లూయి పర్ల, అతను మాట్లాడతాడని నాకు తెలుసు.

ఇంపెర్ఫెత్తొకీ 'ఒ పర్లాతొ'కీ తేడా మనవాళ్లకి పుట్టుకతోనే తెలుసు. "సిన్నప్పుడు సిరిమాను సూసీవోణ్ణి" అంటే గ్వర్దావొ. "మొన్న సూసినాను" అంటే ఒ గ్వర్దాతొ. జరుగుతూ ఉన్న పని మధ్యలో ఇంకోటి జరిగినా అంతే. ఆమదాలవలస స్టేషన్‌లో రైలు కోసం చూస్తుంటే సీత వచ్చింది: అస్పెత్తావొ ఇల్ త్రేనొ క్వందొ ఎ అర్రివాత సీత. చూస్తూ ఉన్నది వొ, వచ్చేసింది అర్రివాత.

పస్సాతొ రెమోతొ చరిత్ర రాతల్లో కనిపిస్తుంది. "నెల్ 1757 ఇ ఫ్రంచేసి అత్తక్కారొనొ బొబ్బిలి", 1757లో ఫ్రెంచివాళ్లు బొబ్బిలి మీద దాడి చేశారు. ఆరొనొ అని చివర కనబడితే 'వాళ్లు చేశారు' అని గుర్తుపట్టండి, ప్రస్తుతానికి అది చాలు.

నాగావళి గట్టు (శ్రీకాకుళం)

చాలా థాంక్సండీ ఇద్దరికీ. మూడు వాక్యాలు రాశాను, దిద్దండి.
ఒకటి: సె పర్లెరేయ్ బేనె, లవొరస్సి ఇన్ ఇతాల్య. బాగా మాట్లాడగలిగితే ఇటలీలో పనిచేసేదాన్ని.
రెండు: ఇయేరి ఒ అర్రివాతొ అ విజయనగరం. నిన్న విజయనగరం వచ్చాను.
మూడు: పెద్దాయనతో: స్కూసి, తు పర్లి ఇంగ్లేసె? క్షమించండి, ఇంగ్లీషు మాట్లాడతారా?

కళింగపట్నం కెరటం (శ్రీకాకుళం జిల్లా)

ఒకటోది తలకిందులైంది. సె ('ఒకవేళ') తర్వాత కొందిత్స్యొనాలె రాదు. తెలుగులో 'మాట్లాడితే' ఎక్కడుందో అక్కడ కొంజుంతీవొ ఇంపెర్ఫెత్తొ, 'చేసేదాన్ని' ఉన్నచోట కొందిత్స్యొనాలె: సె పర్లస్సి బేనె, లవొరెరేయ్ ఇన్ ఇతాల్య. ఆ పట్టిక ఇదీ: పర్లస్సి, పర్లస్సి, పర్లస్సె, పర్లస్సిమొ, పర్లస్తె, పర్లస్సెరొ. అయిపోయిన అవకాశం గురించి అయితే రెండు వైపులా అవేరె పెట్టండి: సె అవెస్సి పర్లాతొ, అవ్రేయ్ లవొరాతొ, 'మాట్లాడి ఉంటే పనిచేసి ఉండేదాన్ని'.

రెండోది: అర్రివారె, ఎంత్రారె, తొర్నారె లాంటి రాకపోకల క్రియలు అవేరెని కాదు, ఎస్సెరెని (ఉండడం) తీసుకుంటాయి. అప్పుడు చివరి అచ్చు మనిషిని బట్టి మారుతుంది. మగవాళ్లయితే సోనొ అర్రివాతొ, మీరైతే సోనొ అర్రివాత. తెలుగులో 'వచ్చాను' ఆడా మగా ఒకటే, అందుకే ఇది జారిపోతుంది. ఆడవాళ్లు నలుగురు వస్తే స్యామొ అర్రివాతె, గుంపులో ఒక్క మగవాడున్నా అర్రివాతి.

మూడోది మర్యాద తప్పింది. తు అంటే నువ్వు. మీరు అనడానికి లేయ్, దానికి క్రియ 'ఆమె' రూపంలో ఉంటుంది: లేయ్ పర్ల ఇంగ్లేసె? తెలుగు లెక్కన మీరు బహువచనం కదా అని వోయ్ పర్లాతె అంటారు చాలామంది. ఇటలీ దక్షిణాన పెద్దల్ని అలా పిలవడం ఇంకా ఉంది, పరీక్షలో మాత్రం లేయ్ రాయండి. స్కూసి సరిగ్గానే పడింది. అది స్కుసారె క్రియకి మర్యాద ఆజ్ఞ, నిజానికి కొంజుంతీవొ రూపం. చిన్నపిల్లలకి స్కూస అంటారు. 'మాట్లాడకు' అనడానికి మాత్రం తు రూపం వాడరు, నోన్ పర్లారె అనే మూలక్రియే వస్తుంది. మర్యాదగా 'మాట్లాడకండి' అంటే నోన్ పర్లి.